నీళ్ళ డ్రమ్ముకూ ఇంటర్నెట్‌కూ ఏమిటి సంబంధం?

విద్యార్థులారా! మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అందుకే నీళ్ళు వచ్చిన రోజున డ్రమ్ములకు పట్టి నిలవ చేసుకోవడం మనకు అలవాటు. ఆ నీళ్ళ డ్రమ్ము అడ్డం వస్తే మీ కంప్యూటరులో ఇంటర్నెట్ మందగించవచ్చునంటే నమ్ముతారా? కారణం తెలుసుకుందాం.

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు ఇంటర్నెట్ ద్వారానే వచ్చాయి. పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, వేరుశనగ విత్తే ముందు నాన్న చూసుకునే వాన సూచన, అన్నీ నేడు దానిలోనే. ల్యాప్‌టాప్‌లో, సెల్‌ఫోనులో వైఫై పరికరం లోపలే ఉంటుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో చాలావాటికి ఉండదు. అలాగని వాటిని మూలన పడేయనక్కరలేదు. పెన్‌డ్రైవ్ అంత వైర్‌లెస్ అడాప్టరు ఒకటి తగిలిస్తే చాలు.

అడాప్టరు అంటే ఏమిటి?

అది ఒక చిన్న రేడియో. మనం ఆకాశవాణి వినే రేడియో వినగలదే కాని తిరిగి మాట్లాడలేదు. అడాప్టరుకు చెవీ ఉంది, నోరూ ఉంది. ఇంట్లోని రౌటర్ పంపే తరంగాలను అందుకుంటుంది. కంప్యూటరు చెప్పేదాన్ని తరంగాలుగా మార్చి రౌటర్‌కు పంపుతుంది.

ఈ తరంగాల పౌనఃపున్యం సాధారణంగా 2.4 గిగాహెర్ట్‌జ్, అనగా సెకనుకు 240 కోట్ల కంపనాలు. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. జానెడు కూడా లేదన్నమాట! ఎఫ్.ఎం. రేడియో తరంగమైతే సుమారు 3 మీటర్లు ఉంటుంది. పొడవైన తరంగం అడ్డంకులను చుట్టుకొని పోగలదు. పొట్టి తరంగానికి అది అంత సులభం కాదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను ఇలా వాడుకోవడానికి 2005 నుండి లైసెన్సు అక్కరలేదు.

అమర్చే విధం

1. అడాప్టరును కంప్యూటరు యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చండి.

2. దానితో ఎలా పని చేయించాలో కంప్యూటరుకు చెప్పే ప్రోగ్రామును ‘డ్రైవర్’ అంటారు. విండోస్ 10, 11లలో తరచు అది తనంతట తానే అమరుతుంది. లేకపోతే తయారీదారు వెబ్‌సైటు నుండి తెచ్చుకోవాలి. నెట్ కోసం డ్రైవర్ కావాలి, డ్రైవర్ కోసం నెట్ కావాలి! అప్పుడు ఫోనును డేటా కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగులలో యు.ఎస్.బి. టెథరింగ్ ఆన్ చేయండి. ఫోనులోని నెట్ కంప్యూటరుకు వస్తుంది. లేదా స్నేహితుని కంప్యూటరులో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

3. తెర కింద కుడి మూలన ఉన్న గుర్తును నొక్కితే నెట్‌వర్కుల పేర్లు కనిపిస్తాయి. మీ పేరు ఎంచుకొని పాస్‌వర్డు కొట్టండి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరని మరవకండి. పాస్‌వర్డు లేకుండా రౌటర్‌ను వదలివేయడం రాత్రి వీధి తలుపు తెరచి నిద్రపోవడం వంటిది.

ఎక్కడ పెట్టాలి?

మన పల్లెల్లో పాత ఇళ్ళ రాతి గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటాయి. అటువంటి ఒక్కో గోడ దాటినప్పుడల్లా తరంగం బలహీనమవుతుంది. ఇనుప బీరువా దాన్ని వెనక్కి కొడుతుంది. నీరు దాన్ని పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో ఆహారం వేడెక్కేది కూడా దాదాపు ఇదే పౌనఃపున్యంతోనే. ఆహారంలోని నీరే ఆ శక్తిని ముఖ్యంగా గ్రహిస్తుంది. అయితే భయం లేదు. ఓవెన్ శక్తి వందల వాట్లు, సాధారణ అడాప్టరుది వాటులో పదో వంతు మాత్రమే. నీరు ఏమాత్రం వేడెక్కదు కాని, అసలే కొద్దిగా ఉన్న సంకేతం తగ్గిపోతుంది.

కాబట్టి అడాప్టరును కంప్యూటరు ఇనుప పెట్టె వెనుక దాచకండి. యు.ఎస్.బి. ఎక్స్‌టెన్షన్ తీగతో బల్లపైకి తెచ్చి, రౌటర్ వైపు గోడ కాక గుమ్మం ఉండేటట్లు చూడండి. రౌటర్‌ను ఎత్తులో ఉంచండి. నీళ్ళ డ్రమ్ము దారికి అడ్డం లేకుండా జరపండి.

లోపం ఎక్కడుంది?

‘కనెక్ట్ అయింది, కాని నెట్ లేదు’ అని వస్తే వెంటనే అడాప్టరును నిందించకండి. దారి రెండు భాగాలు: కంప్యూటరు నుండి రౌటర్ వరకు ఒకటి, రౌటర్ నుండి బయటికి మరొకటి. అదే వైఫైతో ఫోనులో కూడా నెట్ రాకపోతే లోపం చాలావరకు రెండవ భాగంలోనిదే. ఫోనులో వస్తే కంప్యూటరు వైపు వెతకండి. ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడడం ప్రయోగశాలలో మనం పాటించే పద్ధతే కదా!

చేసి చూడండి

ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, కంప్యూటరులో సంకేతపు గీతలు చూడండి. తరువాత ఫోనును మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి మళ్ళీ చూడండి. ప్లాస్టిక్ డబ్బాతోనూ చేయండి. తేడా ఎందుకు వచ్చింది?

ఆలోచించండి

కొన్ని రౌటర్లు 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలను కూడా పంపుతాయి. వాటి తరంగదైర్ఘ్యం ఎంత? రాతి గోడల ఇంట్లో దూరపు గదికి రెండింటిలో ఏది మేలు?