కోపము తెరచిన తలుపు

పఠన భాగములు: లూకా 9:51–56, అపొస్తలుల కార్యములు 8:4–25
ధ్యానించవలసిన వాక్యము: కీర్తనలు 139:23, 24

“కోపములో నోరు జారినదేగాని నా మనస్సులో ఏమియు లేదు.” ఈ మాటను మనలో అనేకులము ఎప్పుడో ఒకప్పుడు పలికియున్నాము. ఒకని జాతిని గాని రంగును గాని కులమును గాని ఎత్తి దూషించిన తరువాత, మనలను మనము సమర్థించుకొనుటకు ఈ మాట ఎల్లప్పుడును సిద్ధముగా దొరకును. అయితే అది నిజమేనా? ఖాళీ కుండను ఎంత వంచినను ఏమియు ఒలకదు. కోపము మనలను వంచినప్పుడు ఒలికినది, అంతకుముందే మనలో నిండియుండవలెను గదా! నోటి మాటకు ఊట హృదయములోనే యున్నదని ప్రభువు మత్తయి 12:34లో బోధించెను. కోపము ద్వేషమును పుట్టించుటలేదు. దాగియున్న గది తలుపును తెరచుచున్నది. నేటి పాఠములో, ప్రభువునకు మిక్కిలి సన్నిహితులైన ఇద్దరు శిష్యులకు ఆ తలుపు ఏలాగు తెరువబడెనో చూతము.

1. సమరయ గ్రామము యొద్ద

యేసు యెరూషలేమునకు వెళ్లుటకు మనస్సు స్థిరపరచుకొని బయలుదేరెను. బస సిద్ధపరచుటకు ముందుగా పంపబడినవారిని ఒక సమరయ గ్రామము చేర్చుకొనలేదు. ఆయన యెరూషలేమునకు పోవుచుండుటయే వారికి అభ్యంతరమాయెను. అది చూచి యాకోబును యోహానును, ఆకాశమునుండి అగ్ని రప్పించి ఆ ఊరివారిని నాశనము చేయుటకు ఆయన సెలవు అడిగిరి.

ఈ వైరము ఆ దినమున పుట్టినది కాదు. సమరయ పట్టణము క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరువారి వశమైన తరువాత అన్యజనులు అక్కడ కాపురముంచబడిరని 2 రాజులు 17వ అధ్యాయము తెలుపుచున్నది. గెరిజీము కొండమీదనున్న సమరయుల ఆలయమును యూదుల పాలకుడైన యోహాను హిర్కానస్ క్రీ.పూ. రెండవ శతాబ్దపు చివరి భాగములో పడగొట్టెను. తరువాత క్రీ.శ. 6–9 సంవత్సరముల మధ్య, పస్కా పండుగలో కొందరు సమరయులు యెరూషలేము దేవాలయములో మనుష్యుల ఎముకలను చల్లిరని చరిత్రకారుడైన యోసీఫస్ వ్రాసెను. కాబట్టి ఇరుపక్షములవారికిని చెప్పుకొనుటకు గాయములుండెను. ఆ గాయముల కథలను వినుచు పెరిగిన పిల్లలే యాకోబు యోహానులు. వారు ఆ ద్వేషమును ఎన్నుకొని తెచ్చుకొనలేదు. ఇంటి భాషను నేర్చినట్లే దానిని నేర్చుకొనిరి.

2. ధూళియు అగ్నియు

ఇచ్చట మనము జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఇదే అధ్యాయము ఆరంభములో ప్రభువు పన్నెండుమందిని పంపుచు, తమ్మును చేర్చుకొనని ఊరియొద్ద ఏమి చేయవలెనో వారికి నేర్పెను. పాదధూళి దులుపుకొని సాగిపోవలెను (లూకా 9:5). ఆ ఆజ్ఞ యాకోబు యోహానులకు తెలియనిది కాదు. గెరసీనుల ప్రాంతపు జనులు యేసును తమ్మును విడిచిపొమ్మని వేడుకొనినప్పుడు (లూకా 8:37) వారు అగ్నిని అడుగలేదు. ఇతరులు త్రోసివేసినప్పుడు ధూళి చాలెను. సమరయులు త్రోసివేసినప్పుడు మాత్రము అగ్ని కావలసివచ్చెను!

తప్పు ఒకటే, కొలత వేరు. దాగియున్న జాతి ద్వేషము ఈ కొలతలోనే పట్టుబడును. ఆ గ్రామస్థులు అతిథి ధర్మమును మీరిన మాట వాస్తవమే. శిష్యుల కోపమునకు కారణము లేకపోలేదు. అయితే న్యాయమైన కోపము తప్పును చూచును. ద్వేషముతో కలిసిన కోపము తప్పును విడిచి, తప్పు చేసినవాని పుట్టుకను చూచును. పైగా ఈ ఇద్దరిలో ఎవరును తాము ద్వేషముతో మాటలాడుచున్నామని తలంచలేదు. ప్రభువు ఘనతకొరకు రోషము చూపుచున్నామనియే తలంచిరి. భక్తి వస్త్రము కప్పుకొనిన ద్వేషమును గుర్తుపట్టుట మిక్కిలి కష్టము.

3. ఒక సాక్ష్యము

ఈ పాఠము వ్రాయుచున్న నేను దానికి వెలుపల నిలిచి వ్రాయుటలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా భార్య ఒక ఆసుపత్రిలో ఉండెను. ఒక రాత్రి నేను మనుమరాలిని వెంటబెట్టుకొని మందులతో అక్కడికి వెళ్లితిని. గేటు యొద్ద కావలియున్న యువకుడు ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చినవాడు. వేళ దాటినదనియు, చీటీ లేనిదే లోనికి పంపవీలులేదనియు అతడు వచ్చీరాని తెలుగులో చెప్పెను. నేను గద్దించితిని. అతడు కదలలేదు. అప్పుడు అతని ముఖమును, కన్నులను, జాతిని కించపరచు ఒక మాట నా నోట వచ్చెను. దానిని ఇచ్చట వ్రాయను. దానికొరకు నేను వెదకుకొనవలసిన పనియే లేకపోయెను. నాలుక చివర అది సిద్ధముగా నుండెను.

అతడు ఏమియు అనలేదు. పుస్తకములో నా పేరు వ్రాసికొని, నర్సుకు ఫోను చేసి, చీటీ తెప్పించి ఇచ్చెను.

తిరిగి ఇంటికి వచ్చుచుండగా మనుమరాలు, “తాతయ్యా, ఆ మాటకు అర్థమేమి?” అని అడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. ఆ రాత్రి నాకు మరియొక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. ముందటి రాత్రి అదే గేటు యొద్ద, అదే కారణముచేత, మన తెలుగు యువకుడే ఒకడు నన్ను ఆపియుండెను. అతనితో నేను, “బాబూ, కొంచెము చూడు నాయనా” అని బ్రతిమాలుకొంటిని. అతనికి ధూళి, ఇతనికి అగ్ని! నలువది సంవత్సరములు సండే స్కూలులో మంచి సమరయుని కథ చెప్పిన నేను, నాలోని ఆ గదిని ఎన్నడును తెరచి చూడలేదు.

మరునాడు అతనిని వెదకి కలిసికొంటిని. “కోపములో అన్నాను” అని చెప్పబోయి ఆగిపోతిని. “నేను అన్న మాట చెడ్డది. అది నాలో ఉండినది గనుకనే వచ్చినది. క్షమించుము” అంటిని. అతడు, “సరే సార్” అని, తరువాత వచ్చిన బండిని చూచుటకు వెళ్లెను. అతని మనస్సులో ఏమున్నదో నాకు తెలియదు. తెలిసికొనవలెనను హక్కును నాకు లేదు.

4. మంచివారిలోను, మన మధ్యను

ఈ పాపము దుష్టులకు మాత్రమే చెందినదని తలంచకుడి. 1910లో ఎడింబరోలో కూడిన ప్రపంచ మిషనెరీ మహాసభలో వి. యస్. అజరయ్యగారు ప్రసంగించిరి. తిరునల్వేలి ప్రాంతమున పుట్టి, దోర్నకల్‌లో తెలుగువారి మధ్య సేవచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్ అయినవారు ఆయనే. మిషనెరీల త్యాగమును ఆయన కృతజ్ఞతతో ఒప్పుకొనెను. అయితే భారతీయులకు వారినుండి ఇంకను రావలసినది స్నేహమని ఆ సభలో నిర్భయముగా చెప్పెను. స్వదేశమును, బంధువులను విడిచి వచ్చినవారిలో సైతము, తమతో సమానునిగా ఎంచలేని ఒక మూల మిగిలియుండెనన్నమాట.

ఆ మాట విని తెల్లవారిని నిందించుట మనకు సులభము. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి యొకడు తన జుట్టును హేళన చేసినవారితో కలిగిన తగవులో కొట్టబడి మరణించెను. ఒక ఎగతాళి మాట, దానివెంట కోపము, దానివెంట మరణము! ఈశాన్య రాష్ట్రములవారి బాధలను విచారించుటకు కేంద్ర ప్రభుత్వము ఆ సంవత్సరమే బెజ్‌బరువా సంఘమును నియమించెను.

మన సంఘముల మాటేమి? కల్లు తాగనివారము, సినిమాకు పోనివారము ఉన్నాము. అయితే సంఘపు ఎన్నికలలో మాట పెరిగినప్పుడు, పెండ్లి సంబంధము చెడినప్పుడు, పొలము గట్టు తగవులో, మన నోట కులము పేరు రాలేదని చెప్పగలమా? మన రాజ్యాంగము 1950లోనే అంటరానితనమును రద్దుచేసెను. షెడ్యూల్డు కులముల, తెగలవారిని బహిరంగముగా కులము పేరుతో తిట్టుట నేరమని 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమును, 2016లో అమలునకు వచ్చిన దాని సవరణయు తెలుపుచున్నవి. చట్టము నాలుకను ఆపగలదు. నాలుక వెనుక నున్నదానిని అది కడుగజాలదు.

5. ప్రభువు చేసిన చికిత్స

ప్రభువు మొదట వారితట్టు తిరిగి వారిని గద్దించెను. గ్రామస్థులను కాదు, శిష్యులను! ఆ మాటను ఆయన చూచి చూడనట్లు విడిచిపెట్టలేదు. పిమ్మట వేరొక గ్రామమునకు సాగిపోయెను. అవమానమును మ్రింగికొని నడుచుట ఏలాగో వారికి నడిచి చూపెను.

మరియొకప్పుడు ఆ తిట్టునే ఆయన తనమీద వేసికొనెను. యోహాను 8:48లో ఆయన విరోధులు కోపముతో ఆయనను సమరయుడనియు దయ్యము పట్టినవాడనియు దూషించిరి. తరువాతి వచనములో ఆయన దయ్యము మాటను త్రోసివేసెనే గాని, సమరయుడను మాటకు బదులు చెప్పలేదు. తాను సమరయుడను కానని చెప్పుకొని తప్పించుకొనుటకు ఆయనకు మనస్సు లేకపోయెను. జాతి పేరు తిట్టుగా మారునప్పుడు, ఆ తిట్టు పడినవారి ప్రక్కను మన ప్రభువు నిలిచియున్నాడు.

చివరకు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమును చూడుడి. ఫిలిప్పు సువార్త ప్రకటింపగా సమరయవారు దేవుని వాక్యమును అంగీకరించిరి. యెరూషలేములోని అపొస్తలులు వారియొద్దకు పంపినది పేతురును, యోహానును! సమరయమీదికి ఆకాశమునుండి అగ్ని దిగవలెనని అడిగిన ఆ యోహానే, సమరయులు పరిశుద్ధాత్మను పొందవలెనని ప్రార్థించుచు వారిమీద చేతులుంచెను. తిరిగి వచ్చుచు సమరయుల అనేక గ్రామములలో సువార్త ప్రకటించిరి (8:25). ఆ గ్రామములలో ఆనాటి గ్రామము ఉండెనో లేదో వాక్యము చెప్పుటలేదు. ఉండియుండినయెడల, యోహాను అడిగిన అగ్ని ఆనాడు దిగియుండినచో, సువార్త వినుటకు అక్కడ ఎవరు మిగిలియుందురు?

6. మనము చేయవలసినది

మొదట, కోపము చల్లారిన తరువాత దానిని మరచిపోక, అది చూపినదానిని పరీక్షించుకొందము. “ఈ తప్పునే నావాడు చేసినయెడల ఈ మాట అనియుందునా?” అని అడుగుకొందము.

రెండవది, కోపమును మాత్రమే గాక, ఆ మాటను పేరుపెట్టి దేవునియెదుట ఒప్పుకొందము. ఎవరిని గాయపరచితిమో వారియొద్దకును వెళ్లుదము. క్షమాపణ అడుగుట మన వంతు. క్షమించుట వారి చిత్తము.

మూడవది, దూరమున నిలిచి ప్రేమింపజాలము. యోహాను చేతులు సమరయుల తలలమీద ఉంచబడెను. మన భోజనపు బల్లయొద్ద, మన ఇంటి శుభకార్యములలో ఎవరు కూర్చుందురో చూచికొందము. మన పిల్లలు మన ప్రసంగములకంటె మన కోపమును శ్రద్ధగా వినుచున్నారు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యాకోబు యోహానులు ఈ ద్వేషమును ఎక్కడ నేర్చిరి? మనము మన ఇండ్లలో ఏ మాటలు వినుచు పెరిగితిమి?
2. మిర్యాము, అహరోనులు మోషే భార్యయైన కూషు స్త్రీనిగూర్చి మాటలాడిన సందర్భమును చదువుడి (సంఖ్యా. 12). వారి మాట వెనుక ఇంకేమి దాగియుండెను?
3. అంతియొకయలో పేతురు ప్రవర్తనను పౌలు ఎందుకు బహిరంగముగా ఎదిరించెను (గలతీ. 2:11–14)?
4. మీరు క్షమాపణ అడుగవలసినవారు ఎవరైన కలరా?

ప్రార్థన

ప్రభువా, నాకు తెలియని గదులు నాలో ఉన్నవి. కోపము వాటిని తెరచినప్పుడు వెంటనే మూసివేయక, నీ వెలుగును లోనికి రానిచ్చు ధైర్యమును నాకు దయచేయుము. నేను నా మాటతో గాయపరచినవారిని ఆదరించుము. అగ్నిని అడిగిన నోటికి ప్రార్థనను నేర్పిన ప్రభువా, నా నోటికిని నేర్పుము. ఆమేన్.