టి కణాలకు బ్రేకు వేసేదెవరు?

బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో ఏ తెలుగు రైల్వే కుటుంబాన్ని అడిగినా చెబుతారు: పచ్చ సిగ్నల్ పడినంత మాత్రాన బండి కదలదు, వెనక గార్డు జెండా కూడా ఊపాలి. మన రక్తంలోని టి కణాలదీ ఇదే పద్ధతి.

టి కణం ఉపరితలంపై ఉండే గ్రాహకం, మరో కణం చూపించే ప్రోటీన్ ముక్కను గుర్తించడం మొదటి సంకేతం. రెండోది సీడీ28 అనే అణువు ద్వారా అందుతుంది. అవతలి కణం మీదున్న సీడీ80, సీడీ86 అణువులతో అది కలిసినప్పుడే టి కణం పూర్తిగా చురుకవుతుంది.

మరి ఆపేదెవరు? సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో ఉపరితల అణువు. ఇది సీడీ80, సీడీ86లను సీడీ28 కన్నా గట్టిగా పట్టుకుని, రెండో సంకేతానికి అడ్డుపడుతుంది. ఈ జన్యువు లేని ఎలుకలను 1995లో పరిశీలించినప్పుడు, వాటి టి కణాలు అదుపు తప్పి సొంత అవయవాల్లోకే చొరబడ్డాయి. కొద్ది వారాల్లోనే ఆ ఎలుకలు చనిపోయాయి.

అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి, సీడీ25 అణువు ధరించిన ఒక రకం టి కణాలు మిగతావాటిని అదుపులో ఉంచుతాయని చూపించారు. ఇవే నియంత్రక టి కణాలు. వీటి ప్రధాన ఆయుధాల్లో సీటీఎల్‌ఏ-4 ఒకటి. ఈ రంగంలో కృషికి సకగుచి, మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ బహుమతి దక్కింది.

ఈ అదుపు సడలితే శరీరం తన మీద తానే దాడి చేసుకుంటుంది. కీళ్లను దెబ్బతీసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అలాంటి జబ్బే. దీనికి మొదటగా ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1940లలో అది రూపొందింది. క్యాన్సర్ కోసం తయారైన ఆ మందు తర్వాత కీళ్లజబ్బుకూ పనికొచ్చింది. అది రోగనిరోధక వ్యవస్థను విస్తృతంగా శాంతపరుస్తుంది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన అబటాసెప్ట్ మాత్రం సీటీఎల్‌ఏ-4 బయటి భాగంతోనే తయారైంది. అంటే అది గార్డు చేతిలోని జెండానే పట్టుకుంటుంది.

అయితే ఏ బ్రేకుకైనా ఒక వెల ఉంటుంది. ఈ మందులు వాడేవారికి ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. అందుకే జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. కీళ్లజబ్బుకు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, ఆ రోజేదో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.