ముక్క తీయకుండానే కాలేయ క్యాన్సర్ అని ఎలా చెబుతారు?

"ముక్క తీసి పరీక్ష చేయకుండానే క్యాన్సర్ అని ఎలా చెప్పారు సిస్టర్?" కాలేయ రోగుల బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మీ సందేహం సరైనదే. చాలా క్యాన్సర్లకు ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేసిన తరువాతే నిర్ధారిస్తారు. కాని కాలేయంలోనే పుట్టే ముఖ్యమైన క్యాన్సర్‌ను కొందరు రోగులలో స్కానింగ్‌తోనే నిర్ధారించవచ్చు.

స్కానింగ్‌లో ఏమి చూస్తారు?

కాలేయానికి రెండు దారులలో రక్తం వస్తుంది. సుమారు 75 శాతం పోర్టల్ సిర ద్వారా, మిగిలినది ధమని ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని రక్తంతోనే పెరుగుతుంది. అందుకే చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, సిటి లేదా ఎం.ఆర్.ఐ. మిషనుతో అనేకసార్లు ఫోటోలు తీస్తారు. సుమారు అర నిమిషానికి గడ్డ మిగతా కాలేయం కంటే తెల్లగా మెరుస్తుంది. ఆ తరువాతి కొద్ది నిమిషాలలో మిగతా కాలేయం తెల్లగా ఉండగా గడ్డ నల్లబడుతుంది. గడ్డ 1 సెం.మీ. లేక అంతకంటే పెద్దదై, ఈ రెండు గుర్తులూ స్పష్టంగా ఉంటే సాధారణంగా ముక్క తీయనవసరం లేదు.

ఇది ఎవరికి వర్తిస్తుంది?

కాలేయం గట్టిపడిన వారికి, అంటే సిర్రోసిస్ ఉన్నవారికి, చాలాకాలంగా హెపటైటిస్ బి ఉన్నవారికి వర్తిస్తుంది. ఇలాంటివారిలో రక్తం త్వరగా గడ్డకట్టకపోవచ్చు, పొట్టలో నీరు ఉండవచ్చు. సూది గుచ్చితే రక్తస్రావం జరిగే భయం ఉంది. అరుదుగా సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు మొలకెత్తవచ్చు. అయితే కాలేయ జబ్బు లేనివారికి, స్కానింగ్‌లో గుర్తులు స్పష్టంగా లేనివారికి ముక్క పరీక్ష అవసరం కావచ్చు. డాక్టరుగారు చెప్పినప్పుడు భయపడి మానుకోవద్దు. ఎ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదనుకోవద్దు.

మీరు చేయవలసినవి

ఒక కుమారుడు ఖర్చు తగ్గుతుందని తండ్రికి మందు ఎక్కించకుండా సాదా సిటి తీయించి తెచ్చాడు. గడ్డ ఉందని తెలిసింది గాని అదేమిటో తేలలేదు. మళ్ళీ స్కానింగ్ చేయించవలసి వచ్చింది. డబ్బు రెండుసార్లు పోయింది, విలువైన రోజులు కూడా పోయాయి. కాబట్టి:

1. చీటీలో "ట్రిపుల్ ఫేజ్" అని ఉంటే స్కానింగ్ సెంటరులో అదే చేస్తున్నారా అని అడగండి.
2. కిడ్నీ జబ్బు, ఆస్తమా, మందులు పడకపోవడం, గర్భం, వాడుతున్న షుగరు మాత్రలు, గుండెలో పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పండి. క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకువెళ్ళండి.
3. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళు కాసేపు వేడిగా అనిపించడం మామూలే. దురద, ఆయాసం వస్తే వెంటనే చెప్పించండి.
4. పాత ఫిల్ములు, సి.డి., రిపోర్టులు పారవేయవద్దు. పోల్చి చూడడానికి అవసరమవుతాయి.

ఇంట్లో సిర్రోసిస్ ఉన్నవారికి ఏ బాధ లేకపోయినా 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించండి. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే బయటపడితే ఆపరేషనుకు, సూదితో గడ్డను కాల్చే చికిత్సకు, కాలేయ మార్పిడికి అవకాశం ఉంటుంది. బాధ మొదలయ్యాక వెళ్దామనుకుంటే ఆ అవకాశం చేజారిపోవచ్చు.