గది మూలలో సంత: బస్తర్ పిల్లల ఉత్తుత్తి ఆట

మూడు రాళ్ల పొయ్యి మీద ఇసుకతో అన్నం వండి, ఆకులో వడ్డించి, అందరూ తిన్నట్టు నటించే గుజ్జనగూళ్లు మనకు కొత్త కాదు. తరగతిలో ఈ ఉత్తుత్తి ఆటకే ఒక మూల కేటాయించి, దాన్ని వంటిల్లుగానో దుకాణంగానో అమర్చడం ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. 2022 అక్టోబరులో వెలువడిన మన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఇలాంటి మూలలను సూచించింది. ఛత్తీస్‌గఢ్ అదే ఏడాది సెప్టెంబరు 5న, 5–6 ఏళ్ల పిల్లల కోసం బాల్‌వాడీలు ప్రారంభించింది.

మరి బస్తర్‌లో ఆ మూలలో ఏం పెట్టాలి? ప్లాస్టిక్ గ్యాస్ పొయ్యి సెట్టు కొనడం తేలికే. కానీ అక్కడి పల్లె పిల్లలకు బాగా తెలిసింది వారపు సంత. వేసవి మొదట్లో తెల్లవారుజామునే ఇప్పపూలు ఏరడం, ఎండబెట్టడం, చింతపండుతో పాటు సంతకు మోసుకెళ్లడం వాళ్లు ఇంట్లో చూసే పనులు. తెలియని పాత్రను పిల్లలు ఎంతోసేపు ఆడలేరు.

ఆటలో జరిగేదేమిటో సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోత్‌స్కీ 1933లోనే వివరించారు. కర్ర గుర్రమైనప్పుడు, పిల్లవాడి మనసులో అర్థం వస్తువు నుంచి విడిపోతుంది. గులకరాయి చింతపండు అవుతుంది, ఆకు పది రూపాయల నోటవుతుంది. కాగితం మీది గీతను అక్షరంగా చూడటానికీ ఇలాంటి నేర్పే కావాలి. పైగా ఆటకు నియమం ఉంటుంది: డబ్బు చేతిలో పడేదాకా అమ్మేవాడు సరుకు ఇవ్వకూడదు. ఊరికే కదలకుండా నిలబడమంటే నిలబడలేని పిల్లలు, కాపలా సిపాయి పాత్ర ఇస్తే ఎక్కువసేపు నిలబడ్డారని మనుయిలెంకో 1948లో ప్రచురించిన ప్రయోగం చెబుతుంది.

అలాగని అతిగా ఆశించకూడదు. 2013లో ఏంజెలిన్ లిలార్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, ఉత్తుత్తి ఆటే తెలివిని పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. భాష, కథ చెప్పే నేర్పు విషయంలో మాత్రం అది ఒక దారి కావచ్చంది.

బస్తర్‌లో అసలు చిక్కు భాషే. బడిలో హిందీ, ఇంట్లో హల్బీ, గోండి, తెలుగు సరిహద్దు వైపు దోర్లీ. (గోండి మన తెలుగుకు దగ్గరి చుట్టమే.) పాఠం చెప్పేటప్పుడు నోరు విప్పని పిల్ల, సంత మూలలో బేరమాడాలంటే తన భాషలోనే మాట్లాడుతుంది. టీచరు కొనేవారిగా వెళ్లి కూర్చుంటే ఆ మాటలు వినవచ్చు, హిందీ మాట పక్కన చేర్చవచ్చు.

సరంజామాకు ఖర్చు లేదు: సాల ఆకుల దొన్నెలు, కర్రకు తాడు కట్టిన తక్కెడ, ఎండిన పూలు. చింతగింజలు, చిన్న గులకరాళ్లు మాత్రం పెద్ద పిల్లలకే. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసువాళ్లకు పిడికిలంత రాళ్లు చాలు.