మూడు చారలు

ఉన్నత పాఠశాలలో కవాతు జరుగు దినమున ఆటస్థలమునొద్ద నిలిచి చూచినచో ఒక వింత కానవచ్చును. ఖాకీ దుస్తులు ధరించిన విద్యార్థులు మూడు వరుసలుగా నిలిచియుందురు. వారి యెదుట నొక బాలుడు నిలిచి "సావధాన్" అని పలుకగనే మడమలన్నియు నొక్కసారి కలిసికొనును. ఆ పలికినవాడు ఉపాధ్యాయుడు కాడు. వారితోపాటు ఎనిమిదవ తరగతిలోనో తొమ్మిదవ తరగతిలోనో చదువుచున్నవాడు. వరుసలలోని కొందఱు వానికంటె పొడగరులు, కొందఱు చదువున మిన్న. అయినను వాని మాట చెల్లుచున్నది. అతని చేతిపైనున్న మూడు చారలే దీనికి కారణమని పలువురనుకొందురు. అది సగము మాత్రమే నిజము.

ఎన్.సి.సి. అని మనము పిలుచుకొను నేషనల్ కాడెట్ కోర్ 1948వ సంవత్సరమున చట్టమూలమున ఏర్పడినది. అంతకు రెండేండ్ల ముందు పండిత హృదయనాథ కుంజ్రూగారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము దీనిని సూచించెను. 1917 నుండియు విశ్వవిద్యాలయ విద్యార్థులకు సైనిక శిక్షణమిచ్చు దళములుండెను. క్రొత్త దళమున ఉన్నత పాఠశాలల పిల్లలకును చోటు లభించినది. 1949లో బాలికలకును ప్రవేశము కలిగెను. పాఠశాల విభాగమునకు జూనియర్ డివిజనని పేరు. బాలికల శాఖను జూనియర్ వింగ్ అందురు. కాడెట్లకు యుద్ధమునకు వెళ్లవలసిన విధి లేదు. చదువు ముగిసిన పిదప సైన్యమున చేరుటయు చేరకుండుటయు వారి యిష్టము.

దళమున చేరిన ప్రతివాడును మొదట వట్టి కాడెట్టే. పిదప ఒక చార లభించినవాడు లాన్సు కార్పొరల్, రెండు చారలవాడు కార్పొరల్, మూడు చారలవాడు సార్జంటు. ఆ పైన కంపెనీ క్వార్టర్ మాస్టర్ సార్జంటు, కంపెనీ సార్జంటు మేజరు అను పదవులు కలవు. కళాశాల విభాగమున వీనికిని పైన అండర్ ఆఫీసరు, సీనియర్ అండర్ ఆఫీసరు అనువారుందురు. నౌకాశాఖలో పేర్లు వేరు: అచట లీడింగ్ కాడెట్, పెట్టీ ఆఫీసర్ కాడెట్, కాడెట్ కెప్టెన్ అందురు.

ఈ పేళ్లలో సార్జంటు అనునది విచారింపదగినది. లాటిను భాషలో సేవచేయువాడు అను నర్థము గల మాటనుండి అది పుట్టినది. మన బంటు అను మాటయు నిట్టిదే కదా! సేవకుడును బంటే, వీరభటుడును బంటే. రెండర్థములును ఒక్క మాటలో నిముడుట రెండు దేశములందును జరుగుట విశేషము.

ఆజ్ఞ యిచ్చుట సులభమని తలంపరాదు. "దాహినే ముడ్" అను చిన్న ఆజ్ఞలో రెండు భాగములున్నవి. "దాహినే" అనునది హెచ్చరిక. కుడివైపునకు తిరుగవలసి యున్నదని అందఱును తెలిసికొందురు. "ముడ్" అనునది క్రియ; అప్పుడే కదలవలెను. రెంటి నడుమ స్వల్పమైన విరామముండవలెను. అది తగ్గినచో వినినవారికి సిద్ధపడుటకు వ్యవధి చాలదు. మితిమీరినచో తొందరపాటు గలవాడొకడు ముందే తిరిగిపోవును, వానిని చూచి మఱి యిద్దఱు. నడచుచున్న దళమును "థమ్" అని నిలుపునపుడు మఱింత చిక్కు: ఏ పాదము ఎచ్చట నుండగా ఆ మాట పలుకవలెనో నియమము కలదు. కావున వరుస చెదరినపుడు అనుభవజ్ఞులు మొదట వరుసవంక చూడరు; ఆజ్ఞ యిచ్చినవానివంక చూతురు. తాను వరుసలో నిలిచి వేయిమార్లు తిరిగినవానికి గాని ఆ విరామపు కొలత పట్టుపడదు.

అతనికి గల అధికారమెంత? చాల స్వల్పము. దండించు హక్కు అతనికి లేదు. తప్పుచేసినవానిని పాఠశాలలోని ఎన్.సి.సి. అధికారికి చూపవలసినదే. ఆయన ఆ పాఠశాల ఉపాధ్యాయుడే. పురుషులకు కాంప్టీలోను స్త్రీలకు గ్వాలియరులోను ఈ పనికై శిక్షణమిచ్చు సంస్థలు కలవు. అలసత్వము చూపిన సార్జంటు చారలు పోవుటయు కలదు. వేళకు రానివానిని రప్పించుట, నడక తప్పువానికి సాయంకాలము మరల నేర్పుట, బూటుతాడు తెగినవానికి మఱియొకటి సంపాదించి పెట్టుట, ఇవి అతని నిత్యకృత్యములు. తన బూటు మెఱయనివాడు ఒరుల బూటును గూర్చి మాటాడినచో వరుసలో నవ్వు పుట్టక మానదు.

1962లో చైనాతో యుద్ధము జరిగిన పిదప, 1963లో కళాశాలల విద్యార్థులకు ఈ శిక్షణము నిర్బంధమైనది. 1965లో పాకిస్థానుతో యుద్ధము వచ్చినపుడు కాడెట్లు ఆయుధ కర్మాగారములకును పౌరరక్షణ దళములకును తోడ్పడిరి. వీథులలో వాహనముల రాకపోకలను సరిచేసిరి. అయినను 1968లో నిర్బంధము తొలగింపబడి, చేరుట ఐచ్ఛికమయ్యెను. అది మేలే అయినదని చెప్పవలెను. ఇష్టములేక వచ్చినవానిని కాళ్లు కదలింపజేయవచ్చును గాని, తోడివాని కష్టము చూడుమని వానికెట్లు ఆజ్ఞాపింపగలము?

పది దినముల వార్షిక శిబిరమున ఈ పదవుల నిజస్వరూపము బయటపడును. ఇల్లు విడిచి యెన్నడు నుండనివాడొకడు మొదటి రాత్రి గుడారమున మూలుగుచుండును. మఱియొకని మడమ బొబ్బలెక్కియుండును. క్వార్టర్ మాస్టర్ సార్జంటు పని కవాతులో ఎవరికిని కనబడదు. కంబళ్లు, పళ్లెములు, లాంతర్లు లెక్కించి ఇచ్చి, లెక్కించి తిరిగి పుచ్చుకొనుట యతని వంతు; ఒక్కటి తగ్గినను సమాధానము చెప్పవలసినవాడతడే. భోజనపు గంట మ్రోగగనే కాడెట్లు బారులు తీరుదురు. మంచి దళములలో చారలు గలవారు ఆ బారు తుదను నిలుతురు. బొబ్బల మడమవాడు గుడారమునుండి రాలేకపోయినచో, వాని పళ్లెమును గూడ సార్జంటే చేతబట్టుకొని నిలుచును. దానిని వానికి అందించి వచ్చిన పిదప గాని తన భోజనమునకు కూర్చుండడు.