సగం ధరకు వచ్చిన పూల గడ్డలు

చెల్లీ, సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో డిస్కౌంట్ షాపుల గుమ్మంలోనే ట్యులిప్, డాఫడిల్, హయసింత్ గడ్డల సంచులు కనబడతాయి కదా. "ఇంత చవగ్గా ఇస్తున్నారు, ఇవి పూస్తాయా అక్కా?" అని మీరంతా అడుగుతుంటారు. పూస్తాయమ్మా, నిక్షేపంగా పూస్తాయి. ఖరీదైన కేటలాగుల్లో వచ్చేవీ, ఇవీ చాలామటుకు నెదర్లాండ్స్ పొలాల్లో పెరిగినవే. తేడా అంతా గడ్డ సైజులోనూ, ఆ షాపు వేడిలో అది ఎన్నాళ్ళు పడి ఉందన్నదాంట్లోనూ ఉంది.

గడ్డ ఎండిపోయిన సరుకు కాదు, ప్రాణమున్నది. సెప్టెంబరులో ఒక ట్యులిప్ గడ్డను నిలువుగా కోసి చూడు, వచ్చే వసంతంలో పూయాల్సిన మొగ్గ నడిమధ్యలో బుజ్జిగా కూర్చుని ఉంటుంది. చుట్టూ ఉన్న పొరల్లో దాచుకున్న ఆహారంతోనే అది పూయాలి. ఆ పొరలు వాడిపోయినా, కుళ్ళిపోయినా నువ్వు ఎంత ఎరువేసినా లాభం లేదు. అందుకే కవరు మీద బొమ్మ చూసి మురిసిపోకు.

ఉల్లిపాయలు ఏరేటప్పుడు మన చెయ్యి ఏం చేస్తుందో ఇక్కడా అదే చెయ్యనీ. నొక్కి చూడు, గట్టిగా ఉండాలి. అరచేతిలో పెట్టుకుంటే సైజుకు తగ్గ బరువుండాలి. తేలిగ్గా, డొల్లగా అనిపిస్తే లోపల ఎండిపోయిందన్నమాట. పైన గోధుమరంగు పొట్టు చిరిగినా, ఊడినా ఫరవాలేదు. మొన కొద్దిగా పచ్చబడినా నష్టం లేదు గానీ, పాలిపోయిన పొడుగాటి మొలక వచ్చేసిందంటే వదిలెయ్.

ఇప్పుడు గడ్డను తిరగేసి అడుగు చూడు. చాలామంది ఇది చూడరు. వేర్లు పుట్టే గుండ్రటి పళ్ళెం లాంటి భాగం అక్కడే ఉంటుంది. డాఫడిల్‌కు ఫ్యుజేరియం అనే బూజు తెగులు పట్టేది అక్కడి నుంచే. బొటనవేలితో ఒత్తితే మెత్తగా దిగిపోతుంది, లోపల ఎర్రటి గోధుమరంగు కుళ్ళు కనిపిస్తుంది. ట్యులిప్‌కు ఇదే జాతి తెగులు సోకితే పుల్లటి వాసన వేస్తుంది. పైగా ఆ గడ్డ వదిలే ఇథిలీన్ వాయువు పక్కనున్న మంచి గడ్డల్లోని మొగ్గల్ని కూడా మాడ్చేస్తుంది. కాబట్టి వల సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు, ఎవరేమనుకుంటే మనకేం? పొట్టు మీద నీలం, ఆకుపచ్చ బూజు కాస్త ఉండి గడ్డ మాత్రం గట్టిగా ఉంటే భయం లేదు, తుడిచేసి నాటుకోవచ్చు. గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో లోపల చెమ్మ పట్టి ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు.

కవరు వెనక సెంటీమీటర్ల లెక్క ఉంటుంది, అది గడ్డ చుట్టుకొలత. ట్యులిప్‌కు 12, ఆ పైన ఉంటే మేలు రకం. వంద గడ్డల సంచి చవగ్గా వచ్చిందంటే చాలాసార్లు అవి చిన్నవే. ఇరవై పెద్ద గడ్డలే నయం అంటాను నేను.

నవంబరు చివర్లో సగం ధరకు ఇచ్చేస్తారు. అప్పటికీ గట్టిగా ఉన్నవి దొరికితే ధైర్యంగా కొనుక్కో, నేల గడ్డకట్టేలోపు నాటితే చాలు. గడ్డ ఎత్తుకు మూడింతల లోతు గొయ్యి, మొన పైకి. టెక్సస్, ఫ్లోరిడా చెల్లెళ్ళూ, మీ చలి ట్యులిప్‌కు సరిపోదు. పన్నెండు వారాలకు తక్కువ కాకుండా ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత నాటండి. ఆ అరలో ఆపిల్ పళ్ళు ఉండకూడదు, వాటి నుంచీ ఇథిలీనే వస్తుంది. వసంతంలో అమ్మే లిల్లీ గడ్డలకైతే పైపొట్టే ఉండదు, తొందరగా వడలిపోతాయి. షాపుకు రాగానే కొనాలి, ఆ వారమే నాటాలి.

ఇంకొక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. డాఫడిల్ గడ్డ అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది, అది విషం. తింటే వాంతులు, కడుపునొప్పి. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ డాఫడిల్స్‌ను కూరగాయల పక్కన పెట్టవద్దని సూపర్‌మార్కెట్లకు ఉత్తరమే రాసింది. మన వంటిళ్ళలో ఉల్లిపాయల బుట్ట ఎప్పుడూ నిండుగా ఉంటుంది కదా! డాఫడిల్ సంచిని వంటింటి దరిదాపులకు రానివ్వకు, గ్యారేజీలో పెట్టు. దాని మీద పెద్ద తెలుగు అక్షరాలతో "తినేవి కావు" అని రాసిపెట్టు. ఊరి నుంచి అత్తయ్యగారు వచ్చి ఉంటే మరీనూ, ఆవిడకు ముందే చూపించి చెప్పు.