మెల్బోర్న్ వచ్చిన మనవారికి, ఫుటీ కాలము మొదలుకాకముందు

ఏటేటా ఫిబ్రవరి మాసమున చదువుల నిమిత్తమై ఈ నగరమున దిగుచున్న మన పిల్లలను, ఉద్యోగములపై వచ్చి టార్నీట్, ట్రుగనీనా, వెరిబీ ప్రాంతములలో కాపురములు పెట్టుచున్న మన దంపతులను చూచుచున్నకొలది, మేము వచ్చిన క్రొత్తలో పడిన గుంటలలోనే వీరును వరుసగా పడుచుండుట కంటబడి, చెప్పువారు లేక కదా ఇట్లగుచున్నదని మనస్సు కలుక్కుమనగా, 2026 ఫుటీ కాలము ఆరంభము కాకముందే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సులభమైన సంగతులు ముందు ముగింతును. అద్దె ఇంటికి కట్టిన బాండు సొమ్ము యజమాని జేబులో గాక ప్రభుత్వపు బాండు సంస్థలో జమ అయినదో లేదో చూచుకొనుడు. గోడల మీది గీతలు, మరకలు మొదటి దినముననే ఫోటోలు తీసి ఉంచుడు. టాక్స్ ఫైల్ నంబరునకు దిగిన వారములోనే దరఖాస్తు పెట్టుడు. మైకీ కార్డు తాకింపక రైలు ఎక్కకుడు. ఎండ కాయుచున్నను కోటు విడువకుడు. ఈ పనులు ఎవరైనను చేసికొనగలరు.

ఇక అసలు సంగతి. ఈ ఊరిలో కొలువు చేరిన మొదటి సోమవారమున ప్రక్క బల్లవాడు మీ జీతమడుగడు, కులగోత్రములడుగడు. ఫుటీ అను ఇక్కడి ఫుట్‌బాలు ఆటలో మీది ఏ జట్టని అడుగును. "నాకు క్రికెట్టు తప్ప తెలియదు" అని ముడుచుకొని కూర్చుండి, రాత్రి ఊరికి ఫోను చేసి "ఇక్కడివాళ్ళు మనల్ని కలుపుకోరు" అని వాపోవువారిని చూచినప్పుడు నాకు కోపము ఆగదు. వారు తలుపు తీసి పిలిచినప్పుడు మీరు గడప దాటరైతిరి కదా!

ఆట నేర్చుటకు ఒక మధ్యాహ్నము చాలును. కోలబంతి, కోలమైదానము, ప్రక్కకు 18 మంది, 20 నిమిషముల భాగములు నాలుగు. వరుసగా పాతిన నాలుగు స్తంభములలో నడిమి రెంటి మధ్య నుండి తన్నిన గోలు, దానికి 6 పాయింట్లు. ప్రక్క సందున పోయిన బిహైండ్, దానికి ఒకటి. 1859లో మెల్బోర్న్ క్లబ్బువారు నియమములు వ్రాసికొన్న ఈ ఆటకు నేడు 18 జట్లు కలవు. అంపైరు బంతిని నేలకు కొట్టి ఎగురవేయు పూర్వాచారము ఈ ఏటి నుండి పోయి, చేతితో పైకి విసరుట వచ్చుచున్నది. ఈ మార్పు నాకు రుచింపలేదు.

జట్టును ఎన్నుకొనునప్పుడు మాత్రము కిందటేడు కప్పు గెలిచినవారెవరని వెదకకుడు. ఏ గట్టున కాపురముంటిరో ఆ గట్టు జట్టును పట్టుకొనుడు, పట్టినదానిని విడువకుడు. నాది వెస్టర్న్ బుల్‌డాగ్స్, పూర్వనామము ఫుట్స్‌క్రే. మా గరికపాడు హైదరాబాదు విజయవాడ బాట మీద, పాలేటి యొడ్డున నున్న సరిహద్దు గ్రామము. మా ఊరు పూర్వముండిన కృష్ణాజిల్లా యనగానే వినువారికి డెల్టా కాలువలును, ముక్కారు పంటలును తోచును గాని, జగ్గయ్యపేట, నందిగామ మెట్టవారమగు మాకు, సాగరు ఎడమ కాలువ నీరు చివరి పొలములకు అందునో అందదో యని గట్టున నిలిచి ఎదురుచూచుటయే తెలియును. మరిబిర్నాంగ్ నదికి పడమట, కార్మికులును వలస వచ్చినవారును బ్రదుకు ఫుట్స్‌క్రే కూడ ఈ మహానగరమునకు అట్టి మెట్టసీమయే.

1989లో అప్పులపాలైన ఆ క్లబ్బును ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో కలిపివేయుదుమని లీగు పెద్దలు నిశ్చయింపగా, న్యాయవాది పీటర్ గోర్డన్ ముందు నడువ, పడమటి పేటల జనము చందాలు పోగుచేసి తమ జట్టును తాము దక్కించుకొనిరి. ఆ ఫిట్జ్‌రాయే ఏడేండ్ల పిమ్మట బ్రిస్బేన్‌తో కలిసి నేటి బ్రిస్బేన్ లయన్స్ అయినది. 1954 తరువాత కప్పు ముఖమెరుగని మావారు 2016లో ఏడవ స్థానమునుండి లేచి, తుదిపోరున సిడ్నీని 22 పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు, గాయపడి ఆడలేకపోయిన నాయకుడు బాబ్ మర్ఫీని వేదికపైకి పిలిచి, శిక్షకుడు లూక్ బెవరిడ్జ్ తన పతకమును తీసి అతని మెడలో వేసెను. ఆ రాత్రి ఫుట్స్‌క్రే వీధుల సమ్మర్దములో నిలుచుండగా నాకు పెనుగంచిప్రోలు తిరునాళ్ళు జ్ఞప్తికి వచ్చెను. నాయన వ్రేలు పట్టుకొని మున్నేటి ఇసుకలో నడచుట, దుమ్ములో పెట్రోమాక్సు దీపములు, జీళ్ళ అంగడి యొద్ద నేను మారాము చేయుట, అన్నియు ఒక్కుమ్మడి కన్నులకు కట్టెను. ఇంతదూరము వచ్చి ఇంకొకరి ఆనందములో నిలిచి ఏడ్చితిని. నాటినుండి వారు నాకు పరాయివారు కారు.

ఇక ఈ ఏటి మాటకు వత్తును. కిందటేడు మావారు 14 ఆటలు నెగ్గియు తొమ్మిదవ స్థానమున నిలిచి ఫైనల్స్ చూడకపోయిరి. బలహీనులపై గోళ్ళు విప్పి, మొదటి ఎనిమిది జట్లతో తలపడినప్పుడు తడబడిరి. ఈ ఏటినుండి ఏడవ జట్టునకు పదవదానితోను, ఎనిమిదవదానికి తొమ్మిదవదానితోను వైల్డ్‌కార్డు పోరు పెట్టుచున్నారు. ఆ దారి మావారికి పట్టకూడదని నా కోరిక. వెనుక వరుస కుదుటబడి, సామ్ డార్సీ, నాటన్ ముందు నిలిచినచో ఐదు, ఆరు స్థానములలో తప్పక ఉందురు. కప్పు విషయమున, 2024, 2025 రెండేండ్లును గెలిచిన బ్రిస్బేన్ మూడవదానికి గట్టిగా పోరాడును. 2001 మొదలు 2003 వరకు వరుసగా మూడు గెలిచిన చరిత్ర వారికున్నది. పెట్రాకాను తెచ్చుకొన్న గోల్డ్ కోస్ట్ మొదటి నాలుగింటను, కర్నోను తెచ్చుకొన్న సిడ్నీ ఎనిమిదింటను ఉండునని నా జోస్యము. 2016 నాటికి కుర్రవాడై కప్పు గెలిచిన బాంటెంపెల్లి, ముప్పదేండ్లు నిండిన నేటి నాయకుడై, తన చేతులతో కప్పు ఎత్తుట చూడవలెనని నాకున్న కోరిక ఇంతంత కాదు.

ఇట్టి జోస్యములు ఆఫీసులో ప్రతివారును చెప్పుదురు. చీటీలో వ్రాసి ఊరక పందెము ఆడుదురు. దానిని టిప్పింగ్ అందురు. అంతవరకే! దానిని దాటి ఫోనులోని పందెపు యాప్ తెరవకుడు. ఒక్క డాలరైనను పెట్టకుడు. బోనసు ఇత్తుమన్నను పెట్టకుడు.

2021లో నాతో ఒకే ఇంట నందిగామ కుర్రవాడొకడుండెను. బుద్ధిమంతుడు, ఆట నాకంటె బాగుగ ఎరిగినవాడు. చిన్నచిన్న పందెములు వరుసగా గెలిచి, తన తెలివికి ఈ దేశము వెల కట్టినదని నమ్మినాడు. ఆ ఏడు తుదిపోరు మాది, మెల్బోర్న్ జట్టుది. మహమ్మారి వలన నగరమంతయు మూతబడియుండగా ఆట పెర్తునకు పోయినది. ముందురాత్రి నా గది తలుపు తట్టి, "అన్నా, అద్దె డబ్బులు ఈ వారానికి సర్దు. సోమవారం కల్లా రెట్టింపు నీ చేతిలో పెడతా" అన్నాడు, సర్దితిని. వాని తండ్రి మిరపకాయలు అమ్మి పంపిన సెమిస్టరు ఫీజు కూడ అదే యాప్‌లోనికి పోయినదని నాకు తెలియదు. మూడవ భాగమున మావారు 19 పాయింట్లు ముందంజ వేసినప్పుడు, వాడు సోఫా అంచున కూర్చుండి, మెడలోని ఎర్రనీలి స్కార్ఫు కొనను కొరుకుచు ఫోనులో లెక్కలు వేసికొనుచుండెను. అటుపిమ్మట మెల్బోర్న్‌వారు గోలుపై గోలు కొట్టుచు పోయిరి. 140, 66. డెబ్బది నాలుగు పాయింట్ల ఓటమి. వాడు లేచి స్నానపుగదిలోనికి పోయి కుళాయి విప్పెను. ఆ నీటి చప్పుడు చాలసేపటి వరకు ఆగలేదు.

తండ్రి జగ్గయ్యపేటలో వడ్డీకి తెచ్చి మరల పంపెను. నా సొమ్ము నేటికిని రాలేదు. దానికి చింత లేదు. టీవీలో ఆట వచ్చిన తోడనే వాడు లేచి గదిలోనికి పోయి తలుపు వేసికొనుట ఆనాటినుండి అలవాటైనది. అంత ప్రేమించిన ఆట వానికి శాశ్వతముగా లేకుండ పోయినది. అందుకే మరల చెప్పుచున్నాను, పందెము కట్టకుడు. జూదమున మనిషికి ఇంతయని పోగొట్టుకొను సొమ్ములో ఈ దేశస్థులు ప్రపంచమున మొదటివారు. వారికే దిక్కులేనిచోట మనకేమి తెలియును? సంక్రాంతి బరులలో పొలములు పోగొట్టుకొన్నవారిని కన్నులార చూచి పెరిగిన మనము, తెర మీద పందెమైనంత మాత్రమున అది జూదము కాదనుకొనుట ఏమి తెలివి? క్రెడిట్ కార్డుతో ఆన్‌లైను పందెములు కట్టుటను 2024 జూనులో ప్రభుత్వము నిషేధించినది. డెబిట్ కార్డునకు అడ్డు లేదు. ఇప్పటికే చేయి కాలినవారు బెట్‌స్టాప్ అను ప్రభుత్వపు పట్టికలో పేరు వ్రాయించుకొన్నచో పందెపు కంపెనీలు వారికి ఖాతా ఇయ్యరాదు. 1800 858 858 నంబరునకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. రుసుము లేదు, సిగ్గుపడ పనిలేదు.

శనివారపు ఆట ముగియు వేళకు మా ఊరిలో మధ్యాహ్న భోజనములు. అమ్మ కంచము ముందు కూర్చుండియే ఫోను చేసి, "మీ కుక్కలోళ్ళు నెగ్గారా నాయనా?" అని అడుగును. ఓడినారన్నచో, "పోనీలే, వచ్చేవారం చూద్దాం" అనును. చివరి పొలములకు నీరు రాని ఏండ్లలో నాయనతోను ఆమె అన్నమాట అదే.

మార్చిలో సదరన్ క్రాస్ స్టేషనున దిగి, కాలి వంతెన దాటి మార్వెల్ స్టేడియమునకు రండు. పిల్లలను తోడ్కొని రండు. ఫోనులో పందెపు యాప్ ఉన్నయెడల రైలెక్కకముందే తీసివేయుడు.